కరెంట్ పెట్టాక కణం ఎలా చచ్చిపోతుంది? రేడియేషన్, ఫ్యాటీ యాసిడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పీజీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెబుతాను. రేడియేషన్ పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ అవే సందేహాలు వస్తాయి. మా పెద్దమ్మకి గొంతు క్యాన్సర్ వచ్చి కరెంట్ (అంటే రేడియేషన్ చికిత్స) పెట్టించినప్పుడు వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్నవాళ్లు అడిగిన సందేహాలు వేరే. రెండు రకాలూ కలిపి ఇక్కడ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట తెలియాల్సినవి

రేడియేషన్ అంటే డీఎన్ఏ కదా దెబ్బతినేది, మధ్యలో ఈ కొవ్వుల సంగతేంటి?

డీఎన్ఏ దెబ్బతినడం నిజం, ముఖ్యం కూడా. 1 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఎక్స్‌రేలు తగిలితే ఒక్కో కణంలో డీఎన్ఏ రెండు పోగులూ తెగిన చోట్లు సుమారు 20 నుంచి 40 దాకా ఉంటాయి. చాలా ఏళ్లు పాఠాలన్నీ అక్కడితో ఆగిపోయాయి. కానీ కిరణం డీఎన్ఏని వెతుక్కుంటూ వెళ్లదు, దారిలో ఉన్న ప్రతిదాన్నీ తాకుతుంది. కణం చుట్టూ ఉన్న పొర, లోపల మైటోకాండ్రియా పొరలు, అన్నీ ఫ్యాటీ యాసిడ్లతో కట్టినవే. ఆ పొరలు పాడైతే, డీఎన్ఏ రిపేరు సగంలో ఉన్నా సరే, కణం బతకదు. రేడియేషన్ తగలకముందే ఆ కణం తన పొరలో ఏ రకం కొవ్వు పెట్టుకుంది అన్నది దాని చావుబతుకులని చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ పేజీ అంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఫ్యాటీ యాసిడ్ అంటే పొట్ట దగ్గర పేరుకునే కొవ్వేనా?

అది కొవ్వు నిల్వ. అందులోనూ ఫ్యాటీ యాసిడ్లే ఉంటాయి, కానీ వాటి పని అక్కడితో అయిపోలేదు. సన్నగా పుల్లలా ఉన్న మనిషి ఒంట్లో కూడా ప్రతి కణం చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పొర ఉంటుంది. ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌కి రెండు ఫ్యాటీ యాసిడ్ తోకలు వేలాడుతుంటాయి. రేడియేషన్ విషయంలో మనకి కావలసింది ఈ తోకలే. బరువు ఎక్కువా తక్కువా అన్న దానికీ దీనికీ నేరుగా లంకె పెట్టకండి.

పూఫా, మూఫా అంటుంటారు. అసలు తేడా ఏంటి?

ఫ్యాటీ యాసిడ్ అంటే కార్బన్ల గొలుసు. అందులో ద్విబంధం ఒక్కటీ లేకపోతే సంతృప్తం. నెయ్యి, కొబ్బరినూనెల్లో ఇవి ఎక్కువ. ఒక్క ద్విబంధం ఉంటే మూఫా, ఉదాహరణకి వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఓలీక్ యాసిడ్. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పూఫా. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలీక్, మన కణాల్లోని అరాకిడోనిక్, చేపల్లోని డీహెచ్ఏ ఈ కోవలోకి వస్తాయి.

రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీద ఉండే హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది, కాస్త తాకితే ఊడిపోతుంది. అలాంటి బలహీనమైన చోట్లు ఓలీక్‌లో ఒక్కటీ లేవు. లినోలీక్‌లో ఒకటి, అరాకిడోనిక్‌లో మూడు, డీహెచ్ఏలో ఐదు ఉన్నాయి. పిల్లలకి నేను ఈ నాలుగు సంఖ్యలూ బోర్డు మీద రాయిస్తాను. ఇవి గుర్తుంటే మిగతా కథంతా సులువుగా ఎక్కుతుంది.

## కిరణం తగిలిన క్షణంలో

కిరణం తగలగానే కణం లోపల ఏం జరుగుతుంది?

కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిరణం ముందు నీటినే చీలుస్తుంది. అందులోంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో నిలకడ లేకుండా ఉండే అణువు. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు ఉంటే ఎక్కువ. ఆ కాస్త సమయంలోనే పక్కన ఏది దొరికితే దాని నుంచి ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో లాక్కుంటుంది. ఎక్స్‌రే, గామా కిరణాలు చేసే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి ద్వారా జరిగేదే. పొర దగ్గర పుట్టిన రాడికల్‌కి ముందు దొరికేవి పూఫాల్లోని ఆ వదులు హైడ్రోజన్లు.

ఒక్క రాడికల్ పోయి ఒక హైడ్రోజన్ లాక్కుంటే కణమంతా చచ్చిపోతుందా?

ఒక్కదాంతో ఆగితే ఏమీ కాదు. గొలుసుగా సాగడమే సమస్య. హైడ్రోజన్ పోయిన ఫ్యాటీ యాసిడ్ తానే రాడికల్ అవుతుంది. వెంటనే ఆక్సిజన్‌ని పట్టుకుని పెరాక్సిల్ రాడికల్‌గా మారుతుంది. అది పక్క తోక నుంచి హైడ్రోజన్ లాగి తాను పెరాక్సైడ్ అవుతుంది, ఇప్పుడు ఆ పక్కది రాడికల్. ఇలా ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పోతాయి. దీన్నే లిపిడ్ పెరాక్సిడేషన్ అంటారు.

ఇది మీరు ఇంట్లో చూసిందే. సంక్రాంతికి చేసిన జంతికల డబ్బా అడుగున నాలుగు మిగిలిపోయి, నెలన్నర తర్వాత మూత తీస్తే గుప్పున ముక్కిన వాసన కొడుతుంది చూడండి, అది ఈ రసాయనమే. ఒక్క రోజులో రాదు. మొదట్లో ఏమీ తెలియదు, ఒకసారి మొదలయ్యాక మాత్రం త్వరత్వరగా ముదురుతుంది. పూఫా ఎక్కువున్న నూనెలో వేయించినవి తొందరగా ముక్కిపోతాయి, నేతిలో చేసినవి ఎక్కువ రోజులు ఆగుతాయి. మూత గట్టిగా బిగించడం దేనికంటే గాలి, అంటే ఆక్సిజన్, తగలకుండా. డబ్బాలో వారాల మీద జరిగేదాన్ని రేడియేషన్ కణంలో గంటల్లో మొదలుపెట్టేస్తుంది.

ఇందులో ఇనుము పాత్ర ఏంటి?

పెరాక్సైడ్లు వాటంతట అవి కొంత నిలకడగానే ఉంటాయి. పక్కన ఫెర్రస్ ఇనుము ఉంటే అది వాటిని చీల్చి మళ్లీ కొత్త రాడికల్స్ పుట్టిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఇనుము చేసే ఇలాంటి పనిని హెన్రీ ఫెంటన్ 1894లోనే గమనించాడు. కణంలో ఇనుము ఎక్కువ భాగం ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ లోపల భద్రంగా దాగి ఉంటుంది. బయట తిరిగే కొద్దిపాటి ఇనుమే ప్రమాదం, రేడియేషన్ తర్వాత అది పెరుగుతుంది. అలాగని రక్తం తక్కువై డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు దీన్ని చదివి మానేయకండి.

## గంటలు, రోజులు గడిచాక

రేడియేషన్‌తో కణం ఎన్ని రకాలుగా చచ్చిపోతుంది?

గడ్డగా పెరిగే ట్యూమర్లలో చాలావాటిలో ఎక్కువగా జరిగేది విభజన సమయంలో చావడం. తెగిన క్రోమోజోమ్‌లతో కణం ఒకటి రెండు సార్లు విభజించబోయి కుప్పకూలుతుంది. అందుకే కరెంట్ పెట్టిన మర్నాడే గడ్డ కరగదు. రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) మాత్రం విభజన దాకా ఆగవు, గంటల్లోనే అపోప్టోసిస్‌తో, అంటే పద్ధతి ప్రకారం తమను తాము ముక్కలు చేసుకుని, పోతాయి. రేడియేషన్ ప్రమాదం జరిగినప్పుడు మొదటి రెండు రోజుల్లో లింఫోసైట్లు ఎంత వేగంగా తగ్గాయో చూసి మనిషికి ఎంత మోతాదు తగిలిందో అంచనా వేస్తారు. కొన్ని కణాలు చావవు, విభజన శాశ్వతంగా ఆపేసి ముసలివై ఉండిపోతాయి. ఇంకొన్ని వాచి పగిలిపోతాయి. ఈ జాబితాలోకి కొత్తగా చేరింది ఫెరోప్టోసిస్, పొరలోని కొవ్వు ఆక్సీకరణం చెంది వచ్చే చావు. ఒకే ట్యూమర్‌లో ఇవన్నీ పక్కపక్కనే జరగొచ్చు.

ఫెరోప్టోసిస్ అన్న మాట ఎప్పుడు వచ్చింది? అపోప్టోసిస్‌కీ దీనికీ తేడా ఏంటి?

అపోప్టోసిస్ అన్న పేరు 1972లో కెర్, వైలీ, కరీ పెట్టారు. ఫెరోప్టోసిస్ అన్న పేరు 2012లో కొలంబియా యూనివర్సిటీలో బ్రెంట్ స్టాక్‌వెల్ ల్యాబ్ నుంచి, స్కాట్ డిక్సన్ మొదటి రచయితగా వచ్చిన పేపర్‌తో వచ్చింది. ఫెర్రమ్ అంటే లాటిన్‌లో ఇనుము.

అపోప్టోసిస్‌లో కాస్పేజ్ ఎంజైమ్‌లు ప్రొటీన్లని వరసగా కోస్తాయి, డీఎన్ఏని కోసే ఎంజైమ్‌ని కూడా లేపుతాయి, పొర మాత్రం చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫెరోప్టోసిస్‌లో కాస్పేజ్‌లకి పని లేదు. పొరే ముక్కిపోయి చిల్లులు పడుతుంది. అందుకే అపోప్టోసిస్ దారిని మూసేసుకున్న క్యాన్సర్ కణం కూడా ఫెరోప్టోసిస్‌కి దొరికే అవకాశం ఉంది. వైద్యులకి దీని మీద అంత ఆశ కలగడానికి కారణం ఇదే.

ఏసీఎస్ఎల్4 అని ప్రతి పేపర్‌లో కనిపిస్తోంది. అదేం చేస్తుంది?

అరాకిడోనిక్ లాంటి పూఫాలు పొరలోకి నేరుగా వెళ్లలేవు. ముందు వాటికి కోఎంజైమ్-ఏ తగిలించాలి. ఆ పని చేసేది ఏసీఎస్ఎల్4 అనే ఎంజైమ్. ఆ తర్వాత ఎల్‌పీక్యాట్3 అనే ఇంకో ఎంజైమ్ వాటిని ఫాస్ఫోలిపిడ్‌లో కుడుతుంది. ఏసీఎస్ఎల్4 లేని కణాల పొరలో పూఫా తగ్గుతుంది, ఫెరోప్టోసిస్‌కి అవి మొండికేస్తాయి. ఇది 2017లో స్పష్టంగా తేలింది.

రేడియేషన్‌తో లంకె 2020లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో బోయీ గాన్ బృందం చూపించింది. రేడియేషన్ రాడికల్స్ పుట్టించడంతో ఆగడం లేదు, ఏసీఎస్ఎల్4ని కూడా పెంచుతోంది. అంటే ఒక చేత్తో నిప్పు పెడుతూ ఇంకో చేత్తో ఎండుగడ్డి తెచ్చి పేరుస్తోంది. ఏసీఎస్ఎల్4 తీసేసిన కణాలు అదే మోతాదు రేడియేషన్‌ని ఎక్కువగా తట్టుకున్నాయి. క్లాసులో ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఉత్సాహం ఆగదు. ఎందుకంటే ఇక్కడ కొవ్వు దెబ్బ తినడంతో సరిపెట్టుకోలేదు. కణం ఏ కొవ్వుని ఎక్కడికి పంపాలన్న లెక్కనే రేడియేషన్ మార్చేసింది.

మరి కణం చూస్తూ ఊరుకుంటుందా, కాపాడుకోదా?

కాపాడుకుంటుంది. ముందు వరసలో ఉన్నది జీపీఎక్స్4, సెలీనియం ఉన్న ఎంజైమ్. గ్లూటాథయోన్ అనే చిన్న రక్షక అణువుని వాడుకుని పొరలోని కొవ్వు పెరాక్సైడ్లని హాని లేని ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. గ్లూటాథయోన్ తయారీకి సిస్టీన్ అనే అమైనో యాసిడ్ కావాలి, దానికోసం బయట నుంచి సిస్టిన్‌ని (రెండు సిస్టీన్లు కలిసిన రూపం) లోపలికి తెచ్చే ద్వారం ఎస్ఎల్‌సీ7ఏ11. రెండో వరస 2019లో బయటపడ్డ ఎఫ్ఎస్‌పీ1 అనే ప్రొటీన్, ఇది కోఎంజైమ్ క్యూ10తో రాడికల్స్‌ని పట్టేస్తుంది. రేడియేషన్ తగిలాక బతికి బయటపడాలని కొన్ని కణాలు ఎస్ఎల్‌సీ7ఏ11ని, జీపీఎక్స్4ని పెంచుకుంటాయి. వాటిని మందుతో ఆపితే రేడియేషన్ పదును పెరుగుతుందని జంతువుల్లో చూశారు.

ఓలీక్ యాసిడ్ కణాన్ని కాపాడుతుందంటారు, నిజమేనా?

నిజమే. ఓలీక్ పొరలోకి ఎక్కువగా చేరితే పూఫాకి చోటు తగ్గుతుంది. ఓలీక్‌లో వదులు హైడ్రోజన్ లేదు కాబట్టి గొలుసు అక్కడ తెగుతుంది. దీన్ని పొరలోకి చేర్చేది ఏసీఎస్ఎల్3. మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలు లింఫ్ గుండా ప్రయాణించేటప్పుడు అక్కడున్న ఓలీక్‌ని పట్టుకుని ఫెరోప్టోసిస్‌ని తప్పించుకుంటాయని 2020లో ఎలుకల్లో చూపించారు. ఆరోగ్యమైన కణానికి మంచి చేసేదే క్యాన్సర్ కణానికీ మంచి చేస్తుంది. అందుకే ‘మంచి కొవ్వు’, ‘చెడ్డ కొవ్వు’ అన్న మాటలు ఈ విషయంలో నన్ను ఇబ్బంది పెడతాయి.

సిరమైడ్, కార్డియోలిపిన్ కూడా ఇందులోవేనా?

అవును, కానీ అవి ఎక్కువగా అపోప్టోసిస్ వైపు దారి తీస్తాయి. పొరలోని స్ఫింగోమయెలిన్ అనే కొవ్వు తెగితే సిరమైడ్ అనే చిన్న కొవ్వు వస్తుంది. పామిటిక్ యాసిడ్ నుంచి కణం కొత్తగానూ తయారు చేసుకోగలదు. రేడియేషన్ డీఎన్ఏ ప్రమేయం లేకుండా కూడా పొర మీద సిరమైడ్ పుట్టించి అపోప్టోసిస్ మొదలుపెట్టగలదని 1994లో న్యూయార్క్‌లోని కోలెస్నిక్, ఫుక్స్ బృందం చూపించింది. కార్డియోలిపిన్ మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే నాలుగు తోకల కొవ్వు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ దాన్ని ఆక్సీకరణం చేసి, దాని పట్టు వదిలించుకుని బయటికి వస్తుంది. ఆ తర్వాత కాస్పేజ్‌లు లేస్తాయి. ఇది 2005లో పిట్స్‌బర్గ్‌లో కాగన్ బృందం చూపించిన విషయం.

## ట్యూమర్ దగ్గర

కొన్ని ట్యూమర్లు కరెంట్‌కి ఎందుకు లొంగవు?

కారణాలు చాలా. లోపల ఆక్సిజన్ తక్కువగా ఉండటం వాటిలో పాతది, పెద్దది. కొవ్వు వైపు నుంచి చూస్తే ఇంకొన్ని కనిపిస్తాయి. చాలా క్యాన్సర్ కణాలు ఎఫ్ఏఎస్ఎన్ అనే ఎంజైమ్‌తో సొంతంగా ఫ్యాటీ యాసిడ్లు తయారు చేసుకుంటాయి. మన కణాలు సొంతంగా లినోలీక్ తయారు చేయలేవు, చేయగలిగేవి సంతృప్తాలు, మూఫాలు. దాంతో పొర సులువుగా ముక్కిపోని కొవ్వుతో నిండుతుంది. కొన్ని కణాలు సీపీటీ1ఏ అనే ఎంజైమ్ ద్వారా ఫ్యాటీ యాసిడ్లని మైటోకాండ్రియాలోకి పంపి కాల్చుకుంటాయి, ఆ శక్తితో రిపేరు చేసుకుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటికి కీప్1 జీన్ చెడిపోయి ఉంటుంది. వాటిలో ఎస్ఎల్‌సీ7ఏ11 ద్వారం ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, కాబట్టి గ్లూటాథయోన్‌కి కొరత రాదు.

ఇమ్యూనోథెరపీతో కలిపి ఇస్తే బాగా పనిచేస్తుందని విన్నాం. కొవ్వుకీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. ఇమ్యూనోథెరపీ లేపేది మన రక్షణ వ్యవస్థలోని సీడీ8 టీ-కణాలని. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రొటీన్, రేడియేషన్ లేపే ఏటీఎం (డీఎన్ఏ తెగినట్టు గుర్తించే) ప్రొటీన్, రెండూ కలిసి సిస్టిన్ తెచ్చే ఎస్ఎల్‌సీ7ఏ11ని అణచివేస్తాయని మిషిగన్‌లోని వేపింగ్ జో బృందం 2019లో చూపించింది. అటు రక్షణ తగ్గుతుంది, ఇటు పొర ఆక్సీకరణ పెరుగుతుంది. ఎవరికి ఏది కలపాలన్నది మాత్రం క్యాన్సర్ రకాన్ని బట్టి ఆంకాలజిస్ట్ తేల్చాల్సిందే.

ఇదంతా మనుషుల్లో చూశారా, ఎలుకల్లోనేనా?

ఎక్కువ భాగం కల్చర్ కణాల్లో (ల్యాబ్ పళ్లెంలో పెంచిన కణాలు), ఎలుకల్లో. మనుషుల నుంచి తీసిన ట్యూమర్ ముక్కల్లో కూడా చూశారు. రేడియోథెరపీ తర్వాత కొవ్వు ఆక్సీకరణ గుర్తులు పెరిగాయి, అవి ఎక్కువ పెరిగిన రోగుల్లో చికిత్స ఫలితం మెరుగ్గా ఉంది. అయితే ఫెరోప్టోసిస్‌ని పెంచడానికని రేడియేషన్‌తో పాటు మామూలుగా రాసే మందు ఇంకా ఆస్పత్రుల్లోకి రాలేదు.

ఆరోగ్యమైన కణాలు కూడా ఇలాగే చచ్చిపోతాయా?

పోతాయి. ఎముక మజ్జ, పేగు లోపలి పొర, లాలాజల గ్రంథులు ఎక్కువ బాధపడతాయి. నోరు ఎండిపోవడం, పుండ్లు, విరేచనాలు అక్కడి నుంచే. అందుకే ట్యూమర్‌లో గొలుసు సాగాలి, పక్కన ఆగాలి. అదే అసలు చిక్కు. రోజుకి 2 గ్రే చొప్పున వారాల తరబడి ఇవ్వడం ఆరోగ్యమైన కణాలకి తేరుకునే వ్యవధి ఇవ్వడానికే. సెకనుకి 40 గ్రే దాటే వేగంతో ఒక్క క్షణంలో ఇచ్చే ఫ్లాష్ పద్ధతి మీద ఇప్పుడు పరిశోధన నడుస్తోంది. జంతువుల్లో ఆరోగ్యమైన కణజాలం తక్కువ దెబ్బతింది. పెరాక్సిల్ రాడికల్స్ ఒక్కసారిగా పుట్టి ఒకదాన్నొకటి ఆర్పేసుకోవడం దీనికి ఒక కారణం కావచ్చన్నది ఒక వాదన.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

కరెంట్ పెడుతున్నన్ని రోజులు వంటనూనె మార్చాలా?

అక్కర్లేదు. కల్చర్ ప్లేట్‌లో ఓలీక్ పోస్తే నేరుగా కణానికి అందుతుంది, కూరలో వేసిన నూనె అలా అందదు. అది అరిగి, కాలేయం మీదుగా తిరిగి, ఎక్కడెక్కడికో సర్దుకుంటుంది. కొన్ని వారాల వంటతో ట్యూమర్ పొరని మార్చేద్దామనుకోవడం కుదిరే పని కాదు. ఈ సమయంలో అసలు సమస్య బరువు తగ్గిపోవడం. మా పెద్దమ్మ మూడో వారంలో ముద్ద మింగలేకపోయింది. పెసరకట్టు, పల్చటి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఏది దిగితే అది పెట్టాం. తిండి ఆగకుండా చూడటమే మీరు చేయగల పెద్ద సాయం.

విటమిన్-ఇ మాత్రలు మంచివే కదా, వేయమంటారా?

డాక్టర్‌ని అడగకుండా వద్దు, దయచేసి. విటమిన్-ఇ చేసే పనే పొరలోని పెరాక్సిల్ గొలుసుని తెంచడం. అది ట్యూమర్ కణాన్ని వదిలేసి మంచి కణాన్ని మాత్రమే కాపాడాలని ఎక్కడా లేదు. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 540 మంది మీద ట్రయల్ చేసి 2005లో ఫలితాలు ప్రచురించారు. రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ ఇచ్చారు, మొదట్లో కొంతమందికి దాంతో పాటు బీటా కెరోటిన్ కూడా. పక్క బాధలు కొంత తగ్గాయి. కానీ మాత్రలు వాడుతున్న కాలంలో రెండో క్యాన్సర్లు ఎక్కువ వచ్చాయి, గడ్డ తిరగబెట్టడం కూడా ఎక్కువవుతున్న సూచన కనిపించింది. మా ఇంట్లో కూడా ఎవరో బలానికని తెచ్చిన క్యాప్సూల్ డబ్బా టేబుల్ మీద రెండు రోజులుంది. మూడో రోజు డాక్టర్‌కి చూపిస్తే పక్కన పెట్టించారు. తిండిలో సహజంగా ఉండే విటమిన్-ఇ గురించి భయపడకండి. ఇక్కడ మాట పెద్ద మోతాదు మాత్రల గురించే.

అవిసె గింజలు, చేపనూనె ట్యూమర్‌ని చంపుతాయని వీడియోల్లో చెబుతున్నారు.

ఆ మాటకి మూలం ఒకటి ఉంది. ఆమ్లం ఎక్కువున్న ట్యూమర్ కణాల్లోకి డీహెచ్ఏ లాంటి పూఫాలు అధికంగా చేరితే అవి ఫెరోప్టోసిస్‌తో చస్తాయని 2021లో బెల్జియం బృందం చూపించింది, పూఫా ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకల్లో గడ్డ నెమ్మదిగా పెరిగింది. అక్కడి నుంచి ‘చెంచా అవిసె పొడితో క్యాన్సర్ పోతుంది’ అనడం చాలా దూరం. పైగా అవిసెలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ యాసిడ్, మన ఒంట్లో అది డీహెచ్ఏగా మారేది చాలా కొంచెం. కారప్పొడిలో కలుపుకుని తినండి, బాగుంటుంది. మందుగా మాత్రం లెక్కేసుకోవద్దు, దాన్ని నమ్ముకుని ఒక్క సిట్టింగ్ కూడా మానొద్దు.

## ల్యాబ్‌లో చేసేవాళ్లకి

కొవ్వు ఆక్సీకరణం చెందిందని ఎలా కొలుస్తాం?

చవకది థయోబార్బిట్యూరిక్ యాసిడ్ పరీక్ష. కొవ్వు విరిగితే మాలాన్‌డయాల్డిహైడ్ వస్తుంది. దాన్ని ఈ యాసిడ్‌తో కలిపి 95 డిగ్రీల నీటిలో ఉంచితే గులాబీ రంగు తేలుతుంది, 532 నానోమీటర్ల దగ్గర చదువుతాం. రేడియేట్ చేసిన ట్యూబ్ పక్కన చేయనిది పెట్టి చూడండి. మీటర్ చూడకముందే తేడా కంటికి తెలుస్తుంటే ఆ రోజు ప్రయోగం బాగా కుదిరినట్టే. అయితే చక్కెరలు, ఇతర ఆల్డిహైడ్లు కూడా రంగు ఇస్తాయి కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మకండి. బతికున్న కణాల్లో సీ11-బోడిపీ అనే రంగు వాడతారు, ఆక్సీకరణం అయితే ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారుతుంది.

కణం ఫెరోప్టోసిస్‌తోనే చచ్చిందని ఎలా తేల్చాలి?

ఆపి చూడాలి. కొవ్వు ఆక్సీకరణని ఆపే ఫెరోస్టాటిన్-1 వేస్తే బతికి, ఇనుముని పట్టేసే డెఫెరాక్సమిన్ వేస్తే బతికి, కాస్పేజ్‌ని ఆపే మందు వేసినా చస్తుంటే అది ఫెరోప్టోసిస్ అనుకోవచ్చు. మూడూ చేయాలి, ఒక్కటి చేసి రాసేయకూడదు. ఇంకో పొరపాటు తరచూ చూస్తుంటాను. 24 గంటలకి ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలని రంగుతో కొలిచేది) చేసి, సగం కణాలు బతికే ఉన్నాయి కాబట్టి రేడియేషన్ పని చేయలేదని రాస్తారు. రేడియేషన్‌లో బతకడమంటే కాలనీ కట్టగలగడం. థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త 1956లో హీలా కణాలతో (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) చూపించినప్పటి నుంచి కొలత ఇదే. పల్చగా చల్లి 10 నుంచి 14 రోజులు ఆగండి, క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేసి, 50 కణాలు దాటిన మచ్చలే లెక్కపెట్టండి. ఫెరోస్టాటిన్ వేసిన ప్లేట్‌లో ఊదా మచ్చలు ఎన్ని ఎక్కువ వచ్చాయో, ఆ మోతాదు దగ్గర ఫెరోప్టోసిస్ వాటా సుమారుగా అంత.